తొమ్మిది గుళ్లు... లెక్కలో లేని శిఖరం!

అహోబిలం వెళ్లొచ్చినవాళ్లను ఎవరినైనా పలకరించండి. 'ఎన్ని చూశారు?' అంటే 'తొమ్మిదీ చూశాం' అని సంబరంగా చెబుతారు. వెంటనే రెండో ప్రశ్న వేయండి. 'మరి ఉగ్రస్తంభం?'

అక్కడే తేడా వస్తుంది. కొందరి ముఖం వెలిగిపోతుంది. కొందరు మోకాళ్లు తడుముకుంటారు!

నవ నారసింహ క్షేత్రంగా పేరుపడిన అహోబిలంలో లెక్కకు వచ్చేవి తొమ్మిది గుళ్లు. ఉగ్రస్తంభం ఆ తొమ్మిదింటిలో లేదు. అది గుడి కాదు, నిట్టనిలువుగా చీలి నిలబడ్డ ఓ కొండకొమ్ము. అయినా సరే, అక్కడిదాకా వెళ్లి శిఖరం ఎక్కకుండా తిరిగి రావడానికి చాలామందికి మనసొప్పదు. ఎక్కగలమా, ఎక్కాలా, ఎక్కడ ఆగాలి అన్నది అహోబిల యాత్రలో ఎవరికివారు తేల్చుకోవాల్సిన ప్రశ్న.

ఎడమవైపు నల్లమల

నంద్యాలలో ఉగ్గాని బజ్జీ తిని జాతీయ రహదారి మీద దక్షిణంగా బయల్దేరితే శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాకా దారంతా నల్లరేగడి పొలాలే. కుడివైపు కనుచూపు మేర మైదానం. ఎడమవైపు మాత్రం ఒక నీలి గీత. అదే నల్లమల. మొదట మబ్బులా కనిపిస్తుంది. పోనుపోను గోడలా లేస్తుంది.

నంద్యాలకు తొమ్మిది అంకె కొత్తేం కాదు. పట్టణంలోనూ, మహానంది దారిలోనూ నవ నందులున్నాయి. వాహనం ఉంటే వాటన్నిటినీ ఒక్క రోజులో చుట్టి రావచ్చు. మైదానంలో తొమ్మిది నందులు, కొండల్లో తొమ్మిది నరసింహాలు... రెండూ ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి నంద్యాల జిల్లా ఏర్పడింది. అహోబిలం ఈ జిల్లా ఆళ్లగడ్డ మండలంలో ఉంది.

ఆళ్లగడ్డ చేరగానే ఉలి చప్పుళ్లు వినిపిస్తాయి. రోడ్డు పక్కన శిల్పుల పాకలు, సగం చెక్కిన దేవుళ్లు, పూర్తయిన నాయకుల విగ్రహాలు. ఇక్కడి రాతి పని రాష్ట్రాలు దాటి వెళ్తుంది. మనుషులు చెక్కిన రాయిని ఇక్కడ చూసి, వానా గాలీ చెక్కిన రాయిని చూడ్డానికి తూర్పుకు తిరగాలి.

ఈ ప్రాంతంలో మనుషుల పేర్లు వింటే చాలు, ఏ కొండ నీడలో ఉన్నామో తెలిసిపోతుంది. ఓబులేసు, ఓబులమ్మ, ఓబుల్ రెడ్డి, నరసింహులు, చెంచయ్య... అహోబలం జనం నోట్లో ఓబులంగా మారి ఇంటింటి పేరైంది. కంపెనీ ప్రభుత్వాన్ని ఎదిరించి 1847లో కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కిన ఉయ్యాలవాడ వీరుడి పేరు కూడా నరసింహారెడ్డే!

బలమా... బిలమా?

దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి సుమారు 8 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు చివర, రెండు కొండల నడుమ ఇరుకులో ఎగువ గుడి ఉంటుంది. ఒకటి గరుడాద్రి, రెండోది వేదాద్రి. మధ్యలో భవనాశని వాగు.

హిరణ్యకశిపుణ్ని చీల్చి చెండాడిన నరసింహుణ్ని చూసి దేవతలు 'అహో బలం' అన్నారట. అందుకని అహోబలం. గరుత్మంతుడు తపస్సు చేసి గుహలో స్వామిని దర్శించుకున్నాడు కనుక అహోబిలం. ఏది అసలు పేరన్న వాదన ఎలా ఉన్నా, కొండల్ని చూస్తే రెండూ నిజమే అనిపిస్తాయి. బలమూ ఉంది, బిలాలూ ఉన్నాయి.

ఈ కొండల వయసు వంద కోట్ల సంవత్సరాల పైమాటే. భూగర్భ శాస్త్రవేత్తలు వీటిని కడప బేసిన్ శిలలంటారు. ఒకప్పటి నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. బురద గట్టిపడి పలకరాయి అయింది. ఆ తర్వాత భూమి ఒత్తిడికి పొరలు మడతలు పడ్డాయి. మెత్తటి పొర త్వరగా అరిగిపోతుంది, గట్టి పొర చూరులా ముందుకు నిలుస్తుంది. అందుకే నల్లమలలో గుహలకూ రాతి చూర్లకూ కరవుండదు. ఇక్కడి గుళ్లలో కొన్ని కట్టినవి కావు, అలాంటి చూరు కింద ఒదిగినవి.

వెయ్యేళ్లకు ముందే తమిళ దేశం నుంచి తిరుమంగై ఆళ్వార్ ఈ క్షేత్రాన్ని పది పాశురాల్లో కీర్తించాడు. వాటిలో భక్తితో పాటు దారి కష్టం కూడా ఉంది. వైష్ణవులు 108 దివ్యదేశాల్లో దీన్ని చేర్చుకున్నారు. మన ఎర్రన ఈ స్వామి కథనే 'నృసింహ పురాణం'గా రాశాడు. కళింగ దండయాత్ర రోజుల్లో శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి కానుకలు సమర్పించినట్టు శాసనం చెబుతోంది. గుడి బాధ్యత అహోబిల మఠానిది. ఇక్కడ ప్రభుత్వం కార్యనిర్వహణాధికారిని నియమించడం చెల్లదని 2022లో హైకోర్టు చెప్పింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

వాగే దారి

నవ నారసింహ యాత్రను తీరిగ్గా చేసేవాళ్లు రెండు రోజులు పెట్టుకుంటారు. ఒక రోజు ఎగువన, ఒక రోజు దిగువన. అసలు పరీక్ష ఎగువనే.

గుడి దగ్గర చేతికర్రలు అమ్ముతారు. నవ్వుకోకుండా కొనుక్కోవడం మంచిది. వెళ్లేటప్పుడు బరువనిపించిన కర్ర దిగేటప్పుడు మూడో కాలవుతుంది. కోతుల్ని బెదిరించడానికీ పనికొస్తుంది. నడవలేని వాళ్ల కోసం డోలీలున్నాయి. నలుగురు మనుషులు మరో మనిషిని భుజాల మీద మోస్తూ రాళ్ల మీద అడుగు తప్పకుండా వెళ్తుంటే, ఖాళీ చేతుల్తో నడిచేవాళ్లు పక్కకు తప్పుకొని దారి ఇస్తారు.

గుడి వెనక నుంచి మొదలయ్యే బాటకు భవనాశనే తోడు. కిలోమీటరు నడిస్తే క్రోడ నారసింహుడు. వరాహ నారసింహుడనీ అంటారు. భూదేవిని ఉద్ధరించిన రూపం. అక్కణ్నుంచి దారి అంటూ వేరే లేదు. వాగే దారి. ఏనుగుల్లాంటి బండలు అడ్డంగా పడి ఉంటాయి. ఒకదాని మీంచి ఇంకోదాని మీదకు అడుగు వేసుకుంటూ పోవాలి. ఎండాకాలంలో నీళ్లు సన్నగా పారుతుంటాయి. వానాకాలంలో ఇదే వాగు వేరే అవతారం ఎత్తుతుంది. ఇక్కడ చుక్క రాలకపోయినా పైన కొండల్లో కురిస్తే చాలు, నీళ్లు ఒక్కసారిగా వచ్చి పడతాయి.

బండలు అయిపోయాక మెట్లు. మెట్ల చివర లోయ వెంబడి కొండగోడకు అంటుకున్నట్టుండే బాట. నెత్తిమీద రాతి చూరు నుంచి జలధార కిందికి దూకుతుంటుంది. వాన బాగా పడ్డ ఏడాదిలో ఆ నీటి తెర వెనక నుంచే నడుచుకుంటూ వెళ్లాలి. తడిసిన బట్టలతో నాలుగడుగులు వేస్తే జ్వాలా నారసింహుడు. హిరణ్యకశిపుణ్ని ఒడిలో వేసుకుని చీలుస్తున్న రూపం. ఆ పక్కనే రక్తకుండం. సంహారం తర్వాత స్వామి చేతులు కడుక్కున్న చోటిదని చెబుతారు. కథ రక్తంతో నిండి ఉన్నా, చుట్టూ వినిపించేది నీటి చప్పుడే.

ఇక్కడ తలెత్తి చూడాలి. ఆకాశంలోకి పొడుచుకొచ్చిన రాయి కనిపిస్తుంది. అదే ఉగ్రస్తంభం!

ఇక చేతులూ కాళ్లే

ప్రహ్లాదుడు చూపించగా హిరణ్యకశిపుడు గదతో కొట్టిన స్తంభం ఇదేనని నమ్మకం. కొండ నిలువునా చీలినట్టుండే తీరు చూస్తే ఆ కథ ఇక్కడే ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. రాజమహలు స్తంభం ఇంత ఉంటుందా అని అడిగేవాళ్లు కింద ఉన్నంతసేపే అడుగుతారు. పైకెక్కేటప్పుడు ఆ ప్రశ్న వేసే ఊపిరి ఉండదు.

జ్వాలా నారసింహం దాకా వచ్చినవాళ్లలో కొందరే పైకి వెళ్తారు. మెట్లు కాసేపటికి ఆగిపోతాయి. అడవి బాట మొదలవుతుంది. చెట్ల వేళ్లు పట్టుకుని ఎక్కే చోట్లున్నాయి. వదులు రాళ్లు కాలు పెట్టగానే జారుతాయి. పైవాడు దొర్లించిన రాయి కిందివాడికి తగలకుండా ఎడం పాటించాలి. చివరి అంచె మొత్తం రాతి మీదే. రెండు చేతులూ రెండు కాళ్లూ వాడాలి. పక్కన లోయ. చేతిలో సెల్‌ఫోను, భుజానికి నీళ్ల సీసా వేలాడేసుకుని ఎక్కే చోటు కాదది.

పైన ఒక జెండా, స్వామి పాదాలు. అంతే. గోపురం లేదు, ప్రసాదం కౌంటరు లేదు. ఒకేసారి ఎక్కువ మంది నిలబడే జాగా కూడా లేదు. కానీ చుట్టూ చూస్తే నల్లమల వరసలు వరసలుగా కనిపిస్తుంది. దగ్గరి కొండ ఆకుపచ్చగా, దాని వెనకది నీలంగా, ఆ వెనకది బూడిద రంగులో... ఎన్నో లెక్కపెట్టబోతే చివరివి ఆకాశంలో కలిసిపోతాయి.

ఎక్కడం కన్నా దిగడమే కష్టం. ఎక్కేటప్పుడు కళ్ల ముందు రాయే ఉంటుంది. దిగేటప్పుడు లోయ ఉంటుంది. అందుకే మధ్యాహ్నం దాటాక పైకి బయల్దేరొద్దని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. కొండల మధ్య చీకటి మైదానం కన్నా ముందే పడుతుంది.

తిరుగు దారిలో మాలోల నారసింహం. 'మా' అంటే లక్ష్మి. ఆమెతో కూడి శాంతంగా కూర్చున్న స్వామి. అహోబిల మఠం జీయర్లు ఊరూరా తమ వెంట తీసుకెళ్లేది ఈ మాలోలుడి ఉత్సవమూర్తినే. ఇంకాస్త పైకి వెళ్తే ప్రహ్లాద బడి. బల్లపరుపు రాతి మీద పలక మీద రాతల్లా గీతలుంటాయి. పిల్లవాడి చదువు ఇక్కడే సాగిందంటారు. ఉగ్రస్తంభం మీద వణికిన కాళ్లకు ఈ బడే విశ్రాంతి.

మన్రో లెక్క వేరు!

కొండల్ని లెక్కపెట్టి ఎక్కే సరదా మనదొక్కటే కాదు. స్కాట్లాండ్‌ హైలాండ్స్‌లో 3 వేల అడుగులు దాటిన శిఖరాల జాబితాను 1891లో సర్ హ్యూ మన్రో అచ్చువేయించాడు. ఆయన పేరుతోనే వాటిని 'మన్రోలు' అంటారు. ఇప్పుడవి 282. నాలుగైదు శిఖరాలను ఒక చుట్టుగా కలిపి ఒకే రోజు తిరిగొచ్చేవాళ్లు, ఏళ్ల తరబడి మొత్తం పూర్తిచేసేవాళ్లు అక్కడ కోకొల్లలు. తమాషా ఏమిటంటే, జాబితా రాసిన మన్రో మాత్రం అన్నీ ఎక్కకుండానే 1919లో కన్నుమూశాడు. ఈయన మన సీమవాసులకు తెలిసిన మన్రో కాదు. దత్తమండలాలకు కలెక్టరుగా చేసి, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో మరణించిన సర్ థామస్ మన్రో వేరు.

అక్కడ శిఖరమే లెక్క. పైకెక్కకపోతే ఆ కొండ ఖాతాలో పడదు. మన పద్ధతి తిరగబడి ఉంటుంది. కైలాస పర్వతం చుట్టూ ప్రదక్షిణ చేస్తాం, శిఖరం మీద కాలు పెట్టం. అరుణాచలంలో గిరి ప్రదక్షిణే పుణ్యం. కొండ కన్నా కొండ చుట్టూ నడకే ముఖ్యం.

అహోబిలం ఈ రెండింటి మధ్య నిలబడింది. ఎక్కే శిఖరమూ ఉంది, చుట్టే యాత్రా ఉంది. అయితే లెక్క మాత్రం గుళ్లదే. పెద్దలు తొమ్మిదింటిలో ఉగ్రస్తంభాన్ని ఎందుకు చేర్చలేదో గానీ, చేర్చకపోవడం వల్ల ఒక మేలు జరిగింది. మోకాళ్ల నొప్పుల తల్లి, గుండె జబ్బున్న తండ్రి, చంకలో బిడ్డ ఉన్న ఇల్లాలు... వీళ్ల యాత్ర కూడా పూర్తయినట్టే. శిఖరం ఎక్కినవాడికి అదనంగా దక్కేది ఒక దృశ్యం. ఎక్కనివాడికి తగ్గేదేమీ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకుంటే పంతానికి పోయి అపాయం తెచ్చుకునే అవసరం ఉండదు.

దిగువన అయిదు

రెండో రోజు కాళ్లకు కాస్త ఊరట. ఎగువకు వెళ్లే రోడ్డు పక్కనే కానుగ చెట్టు నీడన కారంజ నారసింహుడు. చేతిలో విల్లుంటుంది. రాముడు తప్ప వేరే దేవుడెందుకన్న ఆంజనేయుడికి స్వామి ఇలా దర్శనమిచ్చాడని కథ. దిగువ అహోబిలం పరిసరాల్లో యోగానంద, ఛత్రవట, భార్గవ నారసింహాలు. ఛత్రవటంలో స్వామి గంధర్వుల పాట వింటూ తాళం వేస్తున్నట్టుంటాడు. భార్గవంలో ప్రభావళి మీద దశావతారాలున్నాయి. పరశురాముడు తపస్సు చేసిన చోటంటారు.

చివరిది పావన నారసింహం. అడవి లోపల, పావన నది ఒడ్డున. జీపులో వెళ్తే ఒళ్లు హూనమవుతుంది, నడిస్తే కాళ్లు. ఈ జీపు ప్రయాణం ముందు ఉగ్రస్తంభమే నయమనేవాళ్లూ ఉన్నారు!

బావ ఊరేగింపు

ఇక్కడి అడవికి అసలు హక్కుదారులు చెంచులు. హిరణ్యకశిపుణ్ని చంపినా చల్లారని స్వామి కోపం చెంచులక్ష్మిని చూశాక చల్లారిందని, ఆమెను పెళ్లాడాడని వాళ్ల కథ. అలా స్వామి చెంచులకు అల్లుడూ బావా అయ్యాడు. అక్కినేని, అంజలీదేవి నటించిన 1958 నాటి 'చెంచులక్ష్మి' సినిమాతో ఈ కథ తెలుగువాళ్లందరికీ చేరింది.

ఏటా కనుమ రోజున పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకి కొండ దిగి, 40 రోజులకు పైగా చుట్టుపక్కల 30కి మించిన గ్రామాలు తిరుగుతుంది. తన పెళ్లికి, అంటే ఫాల్గుణ మాసంలో జరిగే బ్రహ్మోత్సవాలకు, తానే గడపగడపకూ వచ్చి పిలుస్తున్నాడన్న మాట! చెంచులు పల్లకి మీదికి బాణం వేసి లాంఛనంగా సాగనంపుతారు. కులాల గీతలు దాటి ఊళ్లన్నీ ఆ పల్లకి కోసం ఎదురుచూస్తాయి. జనం కొండ చుట్టూ తిరిగే యాత్ర ఒకటైతే, కొండ మీది దేవుడు జనం చుట్టూ తిరిగే యాత్ర ఇది.

అడవి మనది కాదు

ఇది పులులు తిరిగే అడవి. విస్తీర్ణంలో దేశంలోనే పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, దాని దక్షిణాన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, ఇంకా కిందికి శేషాచలం కొండలు... అన్నీ ఒకే వరస. పులి ఉత్తరం నుంచి దక్షిణానికి కదలాలంటే అహోబిలం చుట్టుపక్కల అడవులు దానికి దారి. ఎలుగుబంట్లు, చిరుతలు, కొండచిలువలు మామూలే.

యాత్రికులు పెరిగే కొద్దీ అడవి మీద బరువు పెరుగుతోంది. భవనాశని బండల సందుల్లో ఇరుక్కునే ప్లాస్టిక్ సీసా వరదొస్తే గానీ కదలదు. కదిలి కింద ఊరి చెరువుకో పొలానికో చేరుతుంది. వాగులో స్నానం చేసి బట్టలు అక్కడే వదిలెయ్యడం, ఎండుటాకుల మధ్య వంటకు పొయ్యి పెట్టడం భక్తి అనిపించుకోవు. గుట్టలో ఆకలి తీర్చడానికి కాశినాయన పేరిట నడిచే అన్నదాన సత్రాలున్నాయి. కిందే తిని వెళ్లొచ్చు.

దారి చూపే స్థానికులకు ఇది బతుకుదెరువు. ఏ బండ జారుతుందో, ఏ మబ్బు వాగును పొంగిస్తుందో వాళ్లకు తెలుసు. 'ఈ రోజు పైకి వద్దు' అని వాళ్లంటే వాళ్ల సంపాదన పోగొట్టుకుని చెప్పిన మాట అది. వినడం మంచిది.

శిఖరం ఎక్కడికీ పోదు. వంద కోట్ల ఏళ్లుగా అక్కడే ఉంది. వచ్చే ఏడాదీ ఉంటుంది.

ఇలా వెళ్లాలి

గుంటూరు-గుంతకల్లు మార్గంలోని నంద్యాల దగ్గరి పెద్ద రైల్వేస్టేషన్. 2016లో మొదలైన నంద్యాల-ఎర్రగుంట్ల లైనుతో కడప వైపు నుంచీ రైలు సౌకర్యం వచ్చింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు 40 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. అక్కణ్నుంచి అహోబిలానికి బస్సులు, ఆటోలు ఉంటాయి. బస దిగువ అహోబిలంలో దొరుకుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ అనువైన కాలం. వేసవిలో నంద్యాల ఎండలు రాష్ట్రంలోనే పేరు మోసినవి. వానాకాలంలో వాగు దారి ప్రమాదం. ఎగువ యాత్రకు తెల్లారుతూనే బయల్దేరాలి. స్థానికుణ్ని తోడు తీసుకోవాలి. పట్టు ఉండే బూట్లు, తాగే నీళ్లు తప్పనిసరి. అడవిలోకి అనుమతి ఉందో లేదో అటవీ శాఖ సిబ్బందిని ముందే అడగాలి. తీసుకెళ్లిన ప్రతి సీసానూ వెనక్కి తేవాలి.